పల్నాటి ఎండ – చల్లని యిల్లు



పల్నాటి వేసవి ఎట్టిదో నడికుడి వారికి వేరుగా చెప్పనక్కర లేదు. రెంటచింతల పేరు వేసవి వచ్చినచో పత్రికల కెక్కుచుండును. 2015 మే నెలలో వడగాడ్పుల వలన దేశమున రెండు వేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రముల వారే. ఎండ పొలములోనే ప్రాణము తీయుననుకొనుట పొరపాటు. రాత్రియైనను చల్లబడని యింటిలో వృద్ధులును, పసిబిడ్డలును, రోగులును సొమ్మసిల్లుదురు. కావున ఇంటిని చల్లగా నుంచుకొనుట విలాసము కాదు, ప్రాణరక్షణము. చల్లదనమిచ్చు యంత్రములు అందరికిని అందునవి కావు. అందరికిని అందునవి సున్నము, నీడ, గాలి, నీరు.

వేసవిలో ఇంటిలోనికి వేడి వచ్చు మార్గములలో పెద్దది కప్పు. మే నెల మధ్యాహ్నమున సూర్యుడు దాదాపు నడినెత్తిన నుండును. గోడలపై ఏటవాలుగా పడు ఎండకంటె కప్పుపై పడునది మిక్కిలి హెచ్చు. దాచేపల్లి ప్రాంతపు నాపరాయి గట్టిది, చిరకాలము నిలుచునది. కాని కప్పుగా పరచిన పలుచని బండ పగలెల్ల వేడిని త్రాగి, ప్రొద్దుగ్రుంకిన పిదప దానిని గదిలోనికి విడుచును. కాంక్రీటు కప్పు తీరును అంతే. మందమైన రాతిగోడ లేక మట్టిగోడ గుండ వేడి లోపలికి చేరుటకు గంటల కొలది కాలము పట్టును. పూర్వులు గోడలను అంత మందముగ కట్టుటలో గల మేలు ఇదియే.

కప్పునకు మొదటి మందు సున్నము. అది పిడుగురాళ్ళ బట్టీలలో దాపుననే దొరకును. తెల్లని కప్పు తనపై బడిన ఎండలో అధికభాగమును ఆకాశమునకే త్రిప్పి పంపును. గ్రీసు దేశపు ద్వీపములలో ఇండ్లకు సున్నము పూయుట పాత ఆచారము. 2017లో హైదరాబాదున కొన్ని పేద యిండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూడగా, లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. శివరాత్రి వెళ్ళిన పిదప కప్పు కడిగి, ఆరనిచ్చి, రెండు పూతలు పూయవలెను. వర్షములకు పూత కరగును గనుక ఏటేట పూయుట అవసరము. రాతిసున్నమును నీట వేసినపుడు అది కుతకుతలాడి చిందును. పిల్లలను దూరముగ నుంచవలెను, కన్నులు కాపాడుకొనవలెను. సిమెంటు రేకులపై నేరుగ అడుగిడరాదు, అవి విరుగును.

రెండవది నీడ. పడమటి గోడకు వేపచెట్టు గాని, తీగ ప్రాకిన పందిరి గాని ఉన్నచో సాయంకాలపు ఎండ గోడను తాకదు. మూడవది గాలి. వడగాలి వీచు వేళ తలుపులు, కిటికీలు మూసి, రాత్రి చల్లగాలి తిరిగినపుడు ఎదురెదురుగ తెరచినచో గోడలు చల్లారును. పైన గవాక్షమున్నచో వేడిగాలి దానంతట అదే పైకి పోవును.

నాలుగవది నీరు. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను. కుండలో నీరు చల్లబడుటయు, వట్టివేళ్ళ తడిక గాలిని చల్లపరచుటయు ఇందువలననే. ఇది పొడిగాలిలోనే బాగుగ పనిచేయును. ఉక్కపోత దినములలో తడి అదనపు బాధయే. పల్నాట నీటి కొరత యెరిగినవారు దీనిని చివరకే యుంచుకొందురు.

ఇవి తీవ్రమైన వడగాడ్పును పూర్తిగా ఆపజాలవు. దెబ్బతిన్నవారికి వైద్యము తప్పదు. కాని ఎన్నో రాత్రులను భరింపదగినవిగా చేయును. ఏ యింట వృద్ధులు ఒంటరిగ నున్నారో గ్రామమున అందరెరుగుదురు. వేసవికి ముందే ఆ కప్పులకు సున్నము పూయుట యువకులకు ఒక్కదినపు పని. ఇరువదియైదేండ్లు విజ్ఞానమును పంచిన గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన రజతోత్సవ కానుక యుండదు.