గడప నెరిగిన వైద్యుడు



1900 ప్రాంతమున ఈస్టిండియన్ రైల్వేవారు నెలకొల్పిన రైలుపెట్టెల కర్మాగారముచేత పేరుగన్న ఈ లిలువాలో వైద్యపట్టభద్రులతో మాటలాడునప్పుడు ధన్వంతరిస్తుతితో నారంభించుట సంప్రదాయమైనను, నేను రైల్వే ఆరోగ్యకేంద్రముతోనే ప్రారంభించెదను. రైల్వే ఉద్యోగి భార్యాబిడ్డలు దగ్గు వచ్చినను, జ్వరము తగిలినను మొదట పోవునది అక్కడికే. అక్కరయని తోచినచో అక్కడి వైద్యుడే పెద్దాసుపత్రికి చీటీ వ్రాసి పంపును. 'ఫ్యామిలీ డాక్టర్' అను పేర ప్రభుత్వము విస్తరింపజూచిన ఏర్పాటునకు ఇది యొక పూర్వరూపము. ఐతే ఆ రైల్వే ప్రహరీగోడ కావల, జనపనార మిల్లులను నమ్ముకొని తరముల క్రిందట హుగ్లీతీరము చేరి, మిల్లు మూతపడగా పని పోగొట్టుకొన్న తెలుగు కుటుంబమునకు తొలివైద్యుడు తరచుగా మందుల దుకాణమువాడే.

దేశ ఆరోగ్యవ్యవస్థను పరిశీలించుటకు 1943లో నియమితమై 1946లో నివేదిక నొసగిన భోర్ సంఘము ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను తలపెట్టినది మొదలు మనము కట్టడములను గూర్చి చాల ఆలోచించితిమి. ఆ కట్టడమునకు వచ్చు మనిషిని ఎరిగిన వైద్యుని గూర్చి ఆలోచించినది స్వల్పము.

ఆ లోపమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుర్తించినట్లు తోచినది. 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకముగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా చిలకలూరిపేట నియోజకవర్గమందలి లింగంగుంట్లలో లాంఛనముగా ప్రారంభమైన ఆ 'ఫ్యామిలీ డాక్టర్' పథకమున, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు ఇద్దరు వైద్యులలో ఒకరు కేంద్రముననుండగా, మరియొకరు 104 సంచార వైద్యపు బండిలో తమకు కేటాయించిన గ్రామములకు పోయి, బి.పి., షుగరు రోగులను చూచి, మంచమునుండి లేవలేనివారి యింటికే నడచివెళ్లవలెనని నియమముండెను. గ్రామ ఆరోగ్యకేంద్రములు 10,032 తలపెట్టిరి. 105 రకముల మందులు, 14 రకముల పరీక్షలు అందించుదుమనిరి.

ఈ అంకెలను నేను తేలికపరచను. కాని ఒక ముసలమ్మకు షుగరు ఎందుకు దిగుటలేదో పరీక్ష చెప్పదు. కోడలు వలసపోయినదనియు, తాను మందుబిళ్లలను సగముచేసి మ్రింగుచున్నదనియు ఆమె నాలుగవసారియో ఐదవసారియో, అదియు అదే ముఖము మరల కనబడినప్పుడే చెప్పును. బండి క్రమము తప్పక వచ్చి, అందులో దిగు వైద్యుడు మాత్రము బదిలీపై బదిలీగా మారుచుండెనేని, ఆ పథకమున కుటుంబమును ఉండదు, దాని వైద్యుడును ఉండడు. కావున విస్తరణమనగా కేంద్రముల సంఖ్యను పెంచుటకంటె ముందుగా, ఒక వైద్యుడు ఒకచోట ఐదారేండ్లయినను నిలుచునట్లు జీతము, నివాసము, బిడ్డల చదువు ఏర్పరచుటయని నా నిశ్చితాభిప్రాయము. ఇది ఖర్చుతో కూడినది. పైగా ప్రారంభోత్సవ ఛాయాచిత్రములకు అందనిది.

1948 నుండి 1962లో కన్నుమూయువరకు ఈ పశ్చిమవంగ రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నున్న బిధాన్ చంద్ర రాయ్ ఉదయవేళ రోగులను ఉచితముగా చూచుట మానలేదు. చూపుతోనే రోగమును పసిగట్టెడివాడన్న కథలు వంగదేశమున ఇంటింట వినవచ్చును. నాకు ఆ కథలకంటె ఆ ఉదయముల నైరంతర్యమే మిక్కిలి రుచించును.

నేటి వైద్యవిద్యాప్రణాళికలో కుటుంబదత్తత అను పాఠ్యభాగము చేరినది. విద్యార్థి కొన్ని కుటుంబములను చేపట్టి, చదువుకాలమున వారి ఆరోగ్యమును కనిపెట్టుచుండవలెను. మంచిదే. అయితే పట్టా చేతికి వచ్చిన మరునాడు ఆ కుటుంబములు ఎవరివి? మీ వెనుక వచ్చు తరగతులవారిని నేను కోరునది ఒక్కటే: ఊరు విడుచుటకు ముందు, ఒక్కొక్క యింటికి ఒక్కొక్క పుట చొప్పున, ఎవరు ఏ మందు మానివేసిరో, ఏ గర్భిణికి రక్తము తక్కువయో, ఏ పెద్దాయన ఆసుపత్రియన్న భయపడునో వ్రాసి, రాబోవు వైద్యునిచేతికి తామే స్వయముగా అందించి, అతనిని వెంటబెట్టుకొని ఆ గడపలన్నియు త్రొక్కి రావలెను.