మందు బలము ఊరి ఉమ్మడి సొత్తు

(ఇబ్రహీంపట్నము ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మనకు చేరువనున్న సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. శత్రువు జాడ మన ముంగిటనే తెలిసినది. అయినను అది నేటికిని పూర్తిగా తొలగలేదు. ఇందుకొక కారణము మందు వెలకు సంబంధించినది.

ఒకప్పుడు క్లోరోక్విన్ మాత్రలను పేదవాడును కొనగలుగుచుండెను. కాని పత్తి చేనులో ఒకే మందు పదేపదే చల్లినచో చావని పురుగులే మిగిలి సంతతిని పెంచుకొనును గదా! మలేరియా క్రిమి విషయమునను అట్లే జరిగినది. 1973లో అస్సాములో క్లోరోక్వినుకు లొంగని ఫాల్సిపారం క్రిమి బయటపడెను. దానికి విరుగుడుగా ఆర్టెమిసినిన్ జాతి మందును మరియొక మందుతో కలిపి యిచ్చుచున్నారు. ఒకదానికి లొంగని క్రిమి రెండవదానికి లొంగును.

అయితే ధర మాటేమి? నోబెల్ బహుమతి నందిన అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో అధ్యక్షతన ఒక సంఘము 2004లో దీనిని విచారించెను. నాడు పాత మందు చికిత్స సుమారు 10 సెంట్లు. కొత్తది సుమారు 2 డాలర్లు, అనగా ఇరువది రెట్లు. పేదవాడు చవుకదానినే కొనును, జ్వరము తగ్గదు, కూలి పోవును, అతనిని కుట్టిన దోమ పొరుగింటికి పోవును. పనిచేయని చవుక మందుకంటె ఖరీదైనది లేదు. కావున వ్యయభారమును ప్రజాధనముతో భరించి, మంచి మందును పాత వెలకే అందింపవలెనని ఆ సంఘము సూచించెను. మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ చికిత్స ఉచితము.

మందు బలము చెరువు నీటి వంటిది. ఒకడు తూము తెరచి వృథా చేసినచో ఆయకట్టంతయు ఎండును. సగము మాత్రలు మ్రింగి మానుటయు అట్టిదే.

కావున మీరు మూడు పనులు చేయింపవలెను. జ్వరము వచ్చినవారికి వెంటనే రక్తపరీక్ష చేయించుట మొదటిది. ఫాల్సిపారమునకు మూడు దినముల మిశ్రమ చికిత్సను, వైవాక్సునకు వైద్యుడు చెప్పిన పదునాలుగు దినముల ప్రైమాక్విన్ మాత్రలను ఆశా కార్యకర్త ద్వారా పూర్తి చేయించుట రెండవది. నిలువనీటిని తొలగించుట మూడవది.

జ్వరము తగ్గినదని ఏమరవలదు. 1965లో దేశమున కేసులు లక్షకు దిగినవి. జాగ్రత్త సడలగా 1976లో 64 లక్షలకు మించినవి. ఆ పాఠమును మన గ్రామములు మరువకుండుగాక!