ఆ రెండు గంటలూ ఎందుకంటే...



మొన్న ఆషాఢంలో బోనాలకని లాల్‌దర్వాజాలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. భోజనాలయ్యాక మా మరదలు నన్ను పక్కకు పిలిచింది. "వదినా, పిల్లకు కోఠీ ఆడపిల్లల యూనివర్సిటీల సీటొచ్చింది. క్లాసులు అయినంక గూడ ఒకటి రెండు గంటలు ఆడ్నే ఉండాలె అంటున్నది. గంతసేపు ఏం పని? ఇంట్ల కూసోని చదివితే డిగ్రీ రాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. షాలిబండలో, గౌలిపురాలో, అలియాబాదులో ఎందరో తల్లులు అడిగేదే. అందుకే ఆ జవాబు ఇవాళ మీ అందరికీ చెబుదామనుకున్నాను.

ముందు దూరం సంగతి. చార్మినారు మీదుగా వచ్చి నయాపూల్ దగ్గర మూసీ దాటితే అఫ్జల్‌గంజ్, ఆ తరవాత కోఠీయే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు కూడా లేవు. కాబట్టి ఇప్పుడు అడ్డం వచ్చేది దూరమూ కాదు, ఛార్జీ కాదు. అమ్మాయి చేతికి మనం ఇచ్చే సమయమే.

ఇక ఆ ఆవరణ సంగతి. అది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాము దర్బారులో రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఆ భవనం కట్టడం మొదలుపెట్టాడు. ఆయన పెళ్ళాడిన ఖైరున్నీసా బేగం మన నగరపు పెద్ద ఇంటి పిల్ల. ఆమె అక్కడ జనానాలో ఉండేది. ఘోషా వల్ల ఆమె భవనం ముందు వైపుకు వచ్చి చూడలేదు కాబట్టి, ఆమె కోసం తోటలోనే ఆ భవనానికి చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. ఇల్లు తనదే అయినా బొమ్మలో చూసుకోవాల్సి వచ్చిందన్నమాట! ఇవాళ ఆ ఆవరణంతా మన పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు.

1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఈ ఆవరణకు వచ్చింది. చాలాకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద కాలేజీగా నడిచి, 2022లో తానే మహిళా విశ్వవిద్యాలయమయింది. 2024 సెప్టెంబరులో దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించారు. తను చెమటోడ్చి పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వకుండా పాలకుర్తిలో నిలబడిన తల్లి ఆమె. దేశంలో ఆడవాళ్ళకు మొదటి విశ్వవిద్యాలయం 1916లో కార్వే మహాశయుడు పెట్టాడు. తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. మనకు ఇన్నాళ్ళకు వచ్చింది.

కాలేజీ యూనివర్సిటీ అయితే మనకేమిటి తేడా అంటారా? వేరొకరు నిర్ణయించిన పాఠం చెప్పి, వేరొకరి పరీక్షకు పిల్లల్ని పంపేది కాలేజీ. ఏ పాఠాలుండాలో, పరీక్ష ఎలా పెట్టాలో తానే ఆలోచించుకుని, తానే పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. అక్కడ విద్యార్థిని పని వినడంతో అయిపోదు. ప్రయోగం తన చేత్తో చెయ్యాలి. లైబ్రరీలో వెతకాలి. నలుగురితో కలిసి ప్రాజెక్టు రాయాలి. అందరి ముందూ నిలబడి చదవాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ఇవన్నీ గంట కొట్టిన తరవాతే ఎక్కువ జరుగుతాయి.

మన పాతబస్తీ పిల్లలకు ప్రాజెక్టుకు వస్తువు ఎక్కడో వెతుక్కోనక్కరలేదు. లాడ్‌బజారులో అమ్మే లక్క గాజులకు ఇళ్ళల్లో రాళ్ళు అద్దే ఆడవాళ్ళకు రోజుకు ఎన్ని గంటల పని, ఎంత కూలి అన్నది అర్థశాస్త్రం పిల్లకు మంచి పాఠం. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద గురించి ఏ ఇంట్లో ఏ కథ మిగిలిందో రాసుకొస్తే అది చరిత్ర. గాజులు రోజూ చూస్తూనే ఉన్నాం, కథలు వింటూనే ఉన్నాం. వాటిని లెక్కకట్టి, రాసి, నలుగురి ముందు నిలబెట్టడమే చదువు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పోగొట్టుకున్నాను కనుక. నేను చదివే రోజుల్లో మా నాన్నగారి షరతు ఒక్కటే: చివరి క్లాసు కాగానే మొదటి బస్సు. మూడేళ్ళలో లైబ్రరీలో ఒక గంట నిండా కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు. ఒకసారి మా లెక్చరరుగారు సెమినారుకు వ్యాసం రాయమన్నారు. పదిరోజులు రాత్రిళ్ళు కూర్చుని రాశాను. తీరా సెమినారు సాయంత్రం నాలుగింటికి! ఇంట్లో అడిగే ధైర్యం లేకపోయింది. నా వ్యాసం ఇంకో అమ్మాయి చదివింది. బాగుందని చప్పట్లు కొట్టారట. నేనప్పటికి ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. పట్టా వచ్చింది, మార్కులూ వచ్చాయి. కానీ నలుగురిలో నోరు విప్పడం నేర్చుకోవడానికి నాకు ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

అందుకని తల్లులకు ఒక మాట. ఒకరోజు మీరే అమ్మాయి వెంట వెళ్ళి ఆ ఆవరణ, ఆ లైబ్రరీ చూసి రండి. చూసినచోటికి పంపడానికి భయం సగం తగ్గుతుంది. టైంటేబులు వంటింటి గోడకు అంటించుకోండి. ఇంటికి రాగానే "ఎన్ని మార్కులు?" అని కాక "ఇవాళ ఏం చేశావు?" అని అడగండి. నల్లా వచ్చే రోజున బిందెలు నింపడం అబ్బాయికి కూడా వచ్చును, నేర్పి చూడండి!

అమ్మాయిలూ, మీకూ ఒక మాట. ఉంటానన్న చోటే ఉండండి, వస్తానన్న వేళకే రండి. ఒక్కసారి మాట తప్పితే మీ ఒక్కరికే కాదు, మీ చెల్లెలికీ ఆ గంటలు దక్కవు.

మా మేనకోడలు చేరింది. మొన్న మా మరదలు ఫోను చేసింది. "వదినా, పిల్ల ఇయ్యాల అయిదున్నరకు వచ్చింది. ఏదో గాజుల ప్రాజెక్టట, మా పక్కింటామెను కూసోబెట్టి ఒకటే ప్రశ్నలు! నీళ్ళు మా చిన్నోడు పట్టిండు తియ్యి" అంది.

ఆ చివరి మాట విన్నాక నాకు నిశ్చింత అనిపించింది.