మన పెరటికి ఏ బాతు?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి, పత్తి మీద పెట్టింది తిరిగిరాని ఏడు ఇంట్లో నాలుగు గుడ్లయినా చేతికందుతాయని చాలామంది బాతుల సంగతి అడుగుతున్నారు. "చెరువు లేదు, బాతులెట్టా?" అనేది మొదటి అనుమానం. ఈత కొట్టేంత నీళ్లు అక్కర్లేదు. ముక్కు, కళ్లు తడిసేలా తల మునిగితే చాలు. సాగర్ కుడి కాలవ కట్టేసిన నెలల్లో మేం సిమెంటు తొట్టితోనే నెట్టుకొస్తున్నాం.

గుడ్లకైతే ఖాకీ క్యాంప్‌బెల్. మంచి మేత మీద ఏడాదికి 300 దాకా పెడుతుందని పుస్తకాల్లో ఉంది. పెరట్లో అంత రాదు, లెక్క తగ్గించి వేసుకోండి. ఇది పొదగదు. పిల్లలు కావాలంటే గుడ్లను పొదుగుడు మీదున్న నాటుకోడి కింద పెట్టి 28 రోజులు ఆగాలి. మస్కోవీ తనే పొదుగుతుంది, 35 రోజులు పడుతుంది. గుడ్లు మాత్రం తక్కువ. వైట్ పెకిన్ త్వరగా బరువొస్తుంది, మేతా అట్లాగే లాగుతుంది. మన ఊళ్లో బాతు మాంసం కొనేదెవరో ముందు కనుక్కోండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్క బాతుకు విషం. కోడికంటే ఇది చాలా సున్నితం. చవగ్గా దొరికిందని తెచ్చిపెట్టి మేం ఇరవై పిల్లల్లో పదకొండింటిని పోగొట్టుకున్నాం. అమ్మినాయన మాకేం సంబంధం అన్నాడు. మందు కొట్టిన మిర్చి చేలోకీ వదలొద్దు.

గుడ్లు దాదాపు అన్నీ పొద్దున 9 లోపే పెడతాయి. అప్పటిదాకా గూడు తలుపు తీయకండి, లేకపోతే కాలవ గట్టున వెతుక్కోవాల్సిందే.

అప్పు చేసి వంద తేవద్దు, పదితో మొదలుపెట్టండి. బాతు ప్లేగు టీకా మన ఊళ్లకు తెప్పించమని పశువుల ఆసుపత్రికి అర్జీ రాశాం. సంతకాలు చేసి వెళ్లండి.