రాజు లేని కూటమి



ఉత్తర ఐరోపాఖండమున ఒకప్పుడు హన్సా యను పట్టణముల కూటమి యుండెను. దానికి రాజు లేడు, స్థిరమైన సేన లేదు, ఉమ్మడి బొక్కసము లేదు. అయినను మూడువందల యేండ్లకు పైగా అచ్చటి సముద్రవ్యాపారమును తన చేతిలో నుంచుకొన్నది. ఆ పేరు మన హంసను తలపించును గాని దానికిని దీనికిని సంబంధము లేదు. పాత జర్మను భాషలలో ఆ మాటకు గుంపు, బృందము అని యర్థము.

ఈ కథకు మూలము చేపయు నుప్పును. బాల్టిక్ సముద్రపు ముఖద్వారమున స్కానియా యను తీరమున్నది. నేడది స్వీడను దేశములోనిది. ఆనాడు డెన్మార్కు రాజుది. ఏటేట వేసవి చివర హెర్రింగు చేపలు ఆ తీరమునకు మందలు మందలుగా వచ్చెడివి. క్రైస్తవులు ఉపవాసదినములందు మాంసము ముట్టకున్నను చేప తినవచ్చును. అట్టి దినములు ఏటికి నూటికి పైగా నుండుటచే చేపకు గిరాకి యపారము. కాని ఉప్పు పడనిదే ఆ చేప నిలువదు. ఉప్పేమో దక్షిణమున లూనెబర్గు పట్టణమున ఉప్పుబుగ్గల నీటిని కాచి తీయుచుండిరి. ఈ రెంటికి నడుమ నున్న రేవు ల్యూబెక్. 1241లో ల్యూబెక్ వారును హాంబర్గు వారును తమ ఊళ్లనడుమ దారిని దొంగలనుండి కాచుటకును, అందులకగు ఖర్చును చెరిసగము భరించుటకును ఒడంబడిక వ్రాసికొనిరి. క్రమముగా తక్కిన పట్టణములును చేరినవి. వాని సంఖ్య నూటికి మించెనందురు. సరియైన పట్టిక మాత్రము లేదు. పరదేశపు రాజులడిగినను హన్సావారు చెప్పెడివారు కారు. ఒక ఊరి బాకీకి మరియొక ఊరిని పట్టుకొందురేమో యని వారి భయము. వర్తకుల బుద్ధి యెచ్చటనైన నొక్కటే గదా!

సేన లేని యీ కూటమికి ఆయుధమేదనగా, వెలి. మాట తప్పిన పట్టణముతో తక్కినవారెవ్వరును కొనరాదు, అమ్మరాదు. 1284లో నార్వే దేశమునకు ధాన్యము పంపరాదని కట్టుబాటు చేసికొన్నప్పుడు బ్రెమెన్ పట్టణము కలిసిరాలేదు. అది వెలియయ్యెను, మరల చేర్చుకొన్నది 1358లో! బ్రున్స్విక్ పట్టణమున 1374లో ప్రజలు తిరుగబడి నగరసభలోని పెద్దలను చంపగా ఆ యూరిని కూడ వెలివేసిరి. 1380లో ఆ యూరి ప్రముఖులు ల్యూబెక్ వీథులలో కాలికి చెప్పులు లేక, తలపై నేమియు లేక, చేత కొవ్వొత్తులు పట్టి నడచి క్షమాపణ కోరిన పిమ్మటగాని వెలి తీరలేదు.

అవసరమైనప్పుడు కత్తియు పట్టిరి. 1361లో డెన్మార్కు రాజగు నాలుగవ వాల్డెమార్ గొట్లాండు ద్వీపమందలి విస్బీ పట్టణమును పట్టుకొనెను. మరుసటి యేట ల్యూబెక్ నగరాధ్యక్షుడగు యోహాన్ విట్టెన్‌బోర్గ్ ఓడలను నడిపించుకొనిపోయి పరాజితుడు కాగా, సొంత ఊరివారే 1363లో అతని తల తీయించిరి. పిమ్మట 1367లో కొలోన్ నగరమున కూడి, డచ్చి పట్టణములను గూడ కలుపుకొని, రాజును గెలిచి, 1370లో స్ట్రాల్‌సుండ్ సంధి చేసికొనిరి. దానిప్రకారము స్కానియా తీరపు కోటలు పదునైదేండ్లు వారి వశమున నుండవలెను; అచ్చటి రాబడిలో మూడింట రెండు పాళ్లు వారివి. గడువు తీరగానే 1385లో కోటలను మరల నప్పగించిరి. ఈ కథలో నాకు మిక్కిలి వింతగా తోచునది యిదియే. గెలిచినవారు నేలను విడిచిపెట్టుట చరిత్రలో అరుదు. వారికి కావలసినది ఏలుబడి కాదు, దారియు సంతయు.

అంతమాత్రమున వారిని ధర్మరాజులని తలపరాదు. నార్వేలోని బెర్గెన్ రేవున వారికొక పెద్ద కోఠీ యుండెను. ఉత్తరపు బెస్తలు గాలికి ఎండిన కాడ్ చేపను తెచ్చి యిచ్చి ధాన్యము తీసికొనిపోయెడివారు. ఆ చలిదేశమున పంట చాలదు. కనుక కోఠీవారు ధాన్యమును ముందుగా అప్పిచ్చి, రాబోవు చేపను దానికి కట్టుకొనుచుండిరి. నాముల సంగతి యెరిగిన మీకు దీని ఫలము వేరుగ చెప్పనక్కరలేదు. అప్పు తీరనిదే బెస్తవాడు మరియొకనికి చేప నమ్మరాదు. తండ్రి బాకీ కొడుకు నెత్తిన పడెడిది. కోఠీలోని జర్మనుల బ్రతుకును సుఖమైనది కాదు. వారు ఆ యూరి స్త్రీలను పెండ్లాడరాదు. అగ్నిభయముచే పిల్లగుమాస్తాలు గడ్డకట్టు చలిలోను తమ గదులలో నిప్పు రాజేయరాదు.

వెలికి భయపడనివారు తలయెత్తినప్పుడు హన్సా బలము సన్నగిల్లెను. స్కానియా తీరమున హెర్రింగు తగ్గిపోయెను. డచ్చివారు ఉత్తరసముద్రమున తామే చేపలు పట్టి, తక్కువ కూలికి సరకు మోయు ఓడలు కట్టిరి. 1494లో మాస్కో ప్రభువగు మూడవ ఇవాన్, నొవ్గొరోడు నగరములోని కోఠీని మూయించి వర్తకులను చెరబెట్టెను. 1598లో ఎలిజబెత్తు రాణి లండను కోఠీని మూయించెను. 1669లో ల్యూబెక్‌లో జరిగిన కడపటి సభకు వచ్చినవి తొమ్మిది పట్టణములే.

ల్యూబెక్, హాంబర్గు, బ్రెమెన్ మాత్రము ఆ పేరును విడువలేదు. నేటికిని ఆ యూళ్ల మోటారుబండ్ల సంఖ్యాఫలకములపై ఊరి గుర్తునకు ముందు హన్సాకు గుర్తుగా ఒక అక్షరముండును. బెర్గెన్ రేవున 1702 అగ్నిప్రమాదమునకు పిమ్మట పాత పద్ధతిని మరల కట్టిన కొయ్యమేడలు వరుసగా నిలిచియున్నవి. 1979లో వానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. లండను కోఠీ స్థలము కొంతకాలమునకు మరల హన్సావారికే దక్కెను. ఆ మూడు పట్టణములును దానిని 1853లో, అనగా కడపటి సభ జరిగిన 184 ఏండ్లకు, అమ్మివేసినవి. 1866లో అచ్చట తెరచిన కానన్ వీథి రైలుస్టేషను నేటికిని నడచుచున్నది.