గుండె ముందా? ఊపిరి ముందా?
(ప్రసంగ పాఠము)



కాడికి కట్టిన రెండు ఎడ్లు సమానముగా అడుగులు వేయుచు పోవుచున్నప్పుడు, ఏది నడుపుచున్నదో, ఏది వెంబడించుచున్నదో చూచువారికి తెలియదు. దారిలో గుంత వచ్చి వలపటి ఎద్దు తడబడినప్పుడు, దాపటి ఎద్దు కూడ అడుగు మార్చునా, లేక తన నడక తాను నడచునా అని గమనించినవారికే ఆ సంగతి తెలియును. మన శరీరములోను ఇట్టి జోడెడ్లు కలవు. గుండె ఒకటి, ఊపిరి ఒకటి. వీనిలో ఏది దేనిని నడుపుచున్నదో నేడు విచారింతము.

లయగల రెండు వస్తువులకు స్వల్పమైన సంబంధమున్నను చాలును, ఒకదాని నడక మరొకదానికి సోకును. 1665వ సంవత్సరములో హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి మంచమున ఉండగా, ఒకే ఆధారమునకు వ్రేలాడుచున్న రెండు లోలక గడియారములు ఒకే లయలో ఊగుట చూచెను. ఒక లోలకము కుడికి పోవునప్పుడు రెండవది ఎడమకు పోవుచుండెను. ఆ లయను చెడగొట్టినను అరగంటలో మరల కుదురుకొనుచుండెను. ఆధారము యొక్క కంటికి కానరాని కదలికయే వానిని కలిపినది.

గుండెకు, ఊపిరికి గల సంబంధమును మీరే పరీక్షింపవచ్చును. మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి చూచుకొనుడు. గాలిని నెమ్మదిగా పీల్చినప్పుడు నాడి కొంచెము వడిగా కొట్టుకొనును, విడిచినప్పుడు నిదానించును. జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ లూడ్విగ్ దీనిని 1847లో యంత్రముతో నమోదు చేసెను. మెదడు నుండి గుండెకు పోవు వేగస్ అను నరము గుండెకు కళ్లెము వంటిది. పీల్చునప్పుడు అది సడలును, విడుచునప్పుడు బిగియును. ఆరోగ్యవంతులలో, ముఖ్యముగా పడుచువారిలో, ఇది సహజము, రోగము కాదు.

అయినను, రెండు కలసి జరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. వేకువను కోడి కూయును. తరువాత తామర విచ్చును. కోడి కూత విని తామర విచ్చినదన్నచో నవ్వుదుము. రెంటి వేళలను దిద్దునది సూర్యుడే గదా! అట్లే ముందు వెనుకలు చూచినను చాలదు.

మరి తెలియుట యెట్లు? జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మైకేల్ రోజెన్‌బ్లుమ్, ఆర్కాడీ పికోవ్‌స్కీ 2001లో ఒక మార్గమును చూపిరి. ఊపిరి ఏ దశలో నున్నప్పుడు గుండె తన సహజమైన వేగము నుండి ఎంత తొలగుచున్నదో లెక్కింతురు. పిదప, గుండె ఏ దశలో నున్నప్పుడు ఊపిరి ఎంత తొలగుచున్నదో లెక్కింతురు. ఈ రెండు లెక్కలను సరిపోల్చుదురు. ఏది రెండవదానిని చూచి ఎక్కువగా నడక మార్చుకొనునో అదియే వెంబడించునది. ఇక్కడ చిత్రమేమనగా, రెండును ఏమాత్రము తేడా లేక పూర్తిగా జతపడినచో ఈ లెక్క పనిచేయదు. ఎద్దు తడబడినప్పుడే గదా గుట్టు తెలియుట! సహజమైన చిన్న చిన్న ఒడిదుడుకులే ఇచట సాక్ష్యము.

ఈ పద్ధతిని ఆరోగ్యముగా నున్న పసిబిడ్డల విషయమున ఉపయోగించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. పుట్టిన క్రొత్తలో గుండె, ఊపిరి ఇంచుమించు సమానముగా ఒకదానినొకటి ప్రభావితము చేయుచున్నవి. తొలి ఆరు నెలలలో ఈ తీరు మారుచు, ఊపిరియే గుండెను నడుపు స్థితికి చేరువగుచున్నది. అనగా ఎవరు ముందన్నది పుట్టుకతోనే స్థిరపడిన విషయము కాదన్నమాట.

దీనినుండి తల్లిదండ్రులు గ్రహింపవలసినది కలదు. జబ్బుపడిన బిడ్డ ఎగరోజుచున్నప్పుడు, దోషము ఊపిరితిత్తులలోనా, గుండెలోనా అనునది ఇంటివద్ద చూచి తేల్చరానిది. శాస్త్రజ్ఞులే ఎంతో లెక్క వేసి గాని ఏది దేనిని నడుపుచున్నదో చెప్పలేకున్నారు. కావున ఊహించుచు కాలము గడపరాదు. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు నిండు నిమిషము ఊపిరులు లెక్కింపుడు. రెండు నెలలు నిండని బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని ఉన్నచో వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలముగా మారినను, లెక్కకైనను ఆగవలదు.

కారణమును తేల్చుట వైద్యుని పని. వేళకు చేర్చుట మన పని.