చింతయు చర్మమును



హైదరాబాదు నగరమందలి అమీర్‌పేట పేరు వినని పల్లె నేడు తెలుగునాట అరుదు. మైత్రీవనము కడ బస్సు దిగిన యువకుని కంటికి మొట్టమొదట కనబడునవి శిక్షణాలయముల పేరుపలకలు. తల యెత్తి చూచినను అవియే, ప్రక్కకు తిరిగినను అవియే. కంప్యూటరు భాషలు నేర్పువారు, గ్రూపు పరీక్షలకు సిద్ధపరచువారు, బ్యాంకు కొలువులకు లెక్కలు చెప్పువారు ఒకే మేడలో అంతస్తునకు ఒకరుగా నుందురు. వెనుక సందులలో సంజీవరెడ్డినగరము దాక హాస్టళ్లే. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు పిల్లలు మంచములు ఆనించుకొని పండుకొందురు. మెట్రో రైలులో మరుసటి స్టేషను పంజాగుట్ట. అచట నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. చుట్టుప్రక్కల నగల అంగళ్లు, బట్టల అంగళ్లు కలవు. ఈ రెండు పేటలలోను శిక్షణాలయములకు తోడుగా చర్మవైద్యశాలల బోర్డులు, జుట్టు మొలిపింతుమను ప్రకటనలు, ముఖకాంతిని వాగ్దానము చేయు సౌందర్యశాలలు వెలసినవి. ఇవి యన్నియు రద్దీగల కూడలిని వెదకికొని వచ్చినవే కావచ్చును. అయినను చదువు చెప్పు మేడకును చర్మము బాగుచేయు మేడకును మరియొక సంబంధము కలదు. ఆ సంబంధమే ఈ ప్రసంగమునకు విషయము.

ఇది పల్లెకు దూరమైన సంగతి కాదు. గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలో అన్నిటికంటె ముందు నలుగునది ఉద్యోగ ప్రకటనల పుట. ఆ పుట చదివిన పిల్లలే, పొలము మీద తెచ్చిన అప్పుతో అమీర్‌పేటకు పోవుచున్నారు. సంక్రాంతికి ఇల్లు చేరిన కుమారుని చూచి తల్లి గుమ్మముననే నిలచి, "ఏమిరా నాయనా, ఇట్లయితివి? మొగము నిండ ఆ మొటిమలేమి? అప్పుడే తెల్లవెండ్రుకలేమి?" అని కంట తడిపెట్టును. పొరుగువారిలో ఒకరు వేడి చేసినదందురు. ఒకరు పట్నపు నీళ్లు పడలేదందురు. కృష్ణ ఒడ్డున పుట్టిన వానికి, నగరమునకు గొట్టములలో వచ్చిన ఆ కృష్ణ నీరే పడకపోవుట వింతయే గాని, హాస్టళ్లలో వాడు బోరునీటి కాఠిన్యము చర్మమును కొంత పొడిబార్చుట నిజము. వేరొకరు చెడు తిరుగుళ్లని గుసగుసలాడుదురు. ఆడపిల్ల యైనచో మాట మరింత కఠినముగా వచ్చును. సంబంధములు చూచు వేళ ఈ మొగమేమని ఇంటివారే విసుగుకొందురు. ఆమె తిరిగి పోయిన నాడే మందుల అంగడికి వెళ్లి, ఎవరో చెప్పిన లేపనము కొనును. అసలు ప్రమాదము అచట మొదలగుచున్నది. దానిని పిమ్మట విన్నవింపబడును. ముందుగా చర్మమునకును మనస్సునకును గల చుట్టరికము తెలియవలెను.

చర్మము దేహమునకు కప్పిన వట్టి వస్త్రము కాదు. పరచి చూచినచో అది పెద్దవారిలో ఇంచుమించు రెండు చదరపు మీటర్లుండును. పై పొర సుమారు నెల దినములకొకసారి తన్ను తాను క్రొత్తగా చేసికొనును. తల్లి గర్భమున పిండము రూపొందునపుడు ఏ పొరనుండి మెదడును నాడులును పుట్టునో, ఆ పొరనుండియే బాహ్యచర్మము పుట్టును. అనగా ఈ రెండును ఒకే తల్లి బిడ్డలు. మన ఆలంకారికులు ఎనిమిది సాత్త్విక భావములను చెప్పినారు. వానిలో చెమట, గగుర్పాటు, వెలవెలబాటు అను మూడును చర్మముననే కనబడునవి. వీథినాటకము కట్టువాడు ఏ వైద్యగ్రంథము చదువకయే ఈ సంగతి ఎరుగును. భయపడిన పాత్రకు మొగము పాలిపోయినట్లు చూపక విడువడు.

గట్టు మీద నడచుచున్న రైతు కాలి ముందు పాము కదలినచో ఏమగును? గుండె వేగముగ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, చర్మమునకు పోవు రక్తము కండరములకు మరలును. మూత్రపిండములపైనుండు అధివృక్క గ్రంథులనుండి వెలువడిన అడ్రినలిన్ చేయు పని ఇది. పాము పొదలోనికి పోయిన కొంతసేపటికి అంతయు సర్దుకొనును. ఈ ఏర్పాటు ప్రాణరక్షణకే. కాని నోటిఫికేషను ఎపుడు వచ్చునో తెలియని నిరీక్షణ, నెలనెల పెరుగు వడ్డీ, తోడివానికి కొలువు దొరకి తనకు దొరకని సిగ్గు — ఇవి పొదలోనికి పోవు పాములు కావు. మెదడునందలి హైపోథాలమస్ పీయూషగ్రంథికి, అది అధివృక్క గ్రంథులకు మాటిమాటికి ఆజ్ఞ పంపుచుండును. కార్టిజాల్ అను మరియొక హార్మోను పట్టువిడువక స్రవించును. మాంట్రియల్ నగరమున పనిచేసిన హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, దేహము పలువిధములైన బాధలకు ఒకే తీరున స్పందించునని 1936లో ప్రకటించినాడు. ఒత్తిడి అను మాట వైద్యమున స్థిరపడుటకు ఆతని పరిశోధనలే మూలము.

కార్టిజాల్ శత్రువు కాదు. తెల్లవారు వేళ అది పెరిగి మనిషిని మేలుకొలుపును, రాత్రి తగ్గి నిద్రపుచ్చును. ఆ లయ చెడినపుడే కీడు. రాత్రి రెండు గంటల వరకు దీపము వెలుగు గదిలో, ఒకడు చదువుచుండగా ఒకడు ఫోను చూచుచుండగా, మూడవవానికి నిద్ర ఎట్లు పట్టును? అట్టివాని తైలగ్రంథులు అధికముగా జిడ్డు నూరును. రంధ్రములు పూడి మొటిమలు వాచును. చర్మపు పై పొర తేమను నిలుపుకొను శక్తిని కోల్పోవును. తామర వంటి దురదలు, సోరియాసిస్ ముందుగనే ఉన్నవారికి అవి తిరుగబెట్టును. గోళ్లతో గోకుట, మొటిమలను గిల్లుట అను అలవాట్లు తోడై మచ్చలు మిగులును.

ఇది ఊహ కాదు. అమెరికాలో 2003లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 22 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల మొటిమలను పరీక్షలు లేని దినములలోను, పరీక్షల దినములలోను లెక్కించి చూచినారు. ఒత్తిడి హెచ్చిన కొలది మొటిమలును ముదిరినవి. దీనికంటె వినదగినది 1998 నాటి ఒహాయో పరిశోధన. అచట దంతవైద్యము చదువు 11 మంది విద్యార్థుల అంగిట మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయమును చేసినారు. ఒకసారి వేసవి సెలవులలో ఒక వైపున, మరియొకసారి పెద్ద పరీక్షకు మూడు దినములు ముందు రెండవ వైపున. అదే మనిషి, అదే నోరు, అదే గాయము. పరీక్షల వేళ గాయము మానుటకు నూటికి 40 వంతులు అధిక కాలము పట్టినది. ఒక్క విద్యార్థికైనను సెలవులలో మానినంత త్వరగా మానలేదు. పదునొకండుగురనగా చిన్న సంఖ్యయే. అంగిలి చర్మమును కాదు. కాని 1995లో అదే బృందము, మతిమరపు వ్యాధిగల బంధువులకు సేవచేయు 13 మంది స్త్రీల చేతిమీది చర్మమునందే ఇట్టి గాయమును పరీక్షించినది. ఇతరులకంటె వారికి సగటున తొమ్మిది దినములు ఆలస్యముగా మానినది. మంచమున పడిన అత్తగారికి ఏండ్లతరబడి సేవచేయు కోడలి చేతి పగుళ్లు ఎందుకు మానవో ఈ లెక్క కొంత చెప్పుచున్నది.

ఇక ముదిమి. చర్మమునకు బిగువునిచ్చు కొలాజెన్ అను పదార్థము కార్టిజాల్ వలన తక్కువగా తయారగును. ప్రతి జీవకణమునందును వంశసూత్రముల కొసలకు, దారపు కొస విడిపోకుండ వేసిన ముడివలె, టెలోమియర్ అను కాపుదల కలదు. కణము విభజన పొందిన కొలది అది కురుచనగును. 2004లో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ మొదలగువారు 58 మంది తల్లుల రక్తకణములను పరీక్షించినారు. వారిలో పలువురు దీర్ఘరోగముగల బిడ్డలను సాకుచున్నవారు. మిక్కిలి ఒత్తిడిని అనుభవించుచున్నామన్న తల్లుల కణములు, ఒత్తిడి తక్కువగా నున్నవారి కణములకంటె పదియేండ్లైనను ఎక్కువ ముదిరినట్లు కనబడెను. బ్లాక్‌బర్న్ టెలోమియర్ల పరిశోధనకే 2009లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతిని పొందినది. తరువాతి పరిశీలనలలో ఈ సంబంధము ఇంత బలముగా కనబడలేదని కూడ చెప్పుట న్యాయము. అట్లే ముఖమున ముడతలన్నియు చింతవలననే వచ్చినవనుట తప్పు. వానిలో పెద్ద పాలు ఎండది. పొగత్రాగుట దానికి తోడు. ఎండలో వంగి నాటువేయు వాని మెడ వెనుకటి చర్మమును, చొక్కా క్రింది వీపు చర్మమును పోల్చి చూచిన చాలును, వయస్సు ఒకటే గాని చర్మములు రెండు.

జుట్టు నెరయుటను గూర్చి మనవారు మునుపే ఆలోచించినారు. సుశ్రుతసంహితలో క్రోధము, శోకము, శ్రమ వీనివలన పుట్టిన వేడియు పిత్తమును తలకెక్కి కేశములను పండించునని కలదు. 2020లో హార్వర్డు పరిశోధకులు ఎలుకలపై చూపినది వేరొక భాష, కాని దారి చాల దూరము కాదు: తీవ్రమైన ఒత్తిడిలో నాడుల కొసలనుండి వెలువడు నారడ్రినలిన్, వెండ్రుకల కుదుళ్లలో రంగును పుట్టించు మూలకణములను తరిగించివేయును. పోయిన ఆ కణములు తిరిగి రావు. మనుష్యులలో కుటుంబ లక్షణము, ఆహారలోపము, థైరాయిడ్ వ్యాధి కూడ కారణములు కాగలవు గావున, ఇరువదియేండ్లకే నెరసిన తలను చూచి చింతయే అని తీర్పు చెప్పరాదు, వైద్యునికి చూపవలెను.

లేపనముల మాట మిగిలినది. మందుల అంగళ్లలో తెల్లబరచుటకని, మొటిమలకని, తామరకని అడిగినవారికి ఇచ్చు కొన్ని గొట్టపు మందులలో స్టెరాయిడు కలిసియుండును. స్టెరాయిడనగా మరేమియు కాదు, కార్టిజాలునకు చుట్టము, కొన్ని దానికంటె ఎన్నో రెట్లు బలమైనవి. చింత వలన లోపలనుండి ఏది అధికమై చర్మమును చెరచినదో, దాని బంధువునే పైనుండి పూయుచున్నారు! మొదట నాలుగు దినములు అద్భుతముగా నుండును. ఎఱ్ఱదనము పోవును, మొగము తేటపడును, పిల్ల సంతోషించి గదిలోని తోడివారికి కూడ చెప్పును. నెలలు గడచిన కొలది చర్మము ఉల్లిపొరవలె పలుచనై, సన్నని రక్తనాళములు బయటపడి, ఎండ సోకిన మండును. బుగ్గలపై నూగువెండ్రుకలు మొలచును. మానివేసినచో మొటిమలు మునుపటికంటె ఉగ్రముగా లేచును గావున మరల అదే పూయుదురు. మన దేశపు చర్మవైద్యులు దీనికి స్టెరాయిడు వలన చెడిన ముఖమని ప్రత్యేకముగా పేరే పెట్టవలసి వచ్చినది. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి లేపనములను పెక్కింటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదని షెడ్యూలు హెచ్‌లో చేర్చినది. చట్టము వచ్చినంత మాత్రమున చీటీ అడుగని అంగళ్లు లేకపోలేదు. ఇదివరకే పూయుచున్నవారు వైద్యుని సలహాతో క్రమముగా విడువవలెను. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగములు కలవు. పంజాగుట్ట మేడల రుసుము ఇచ్చుకొనలేనివారు అచటికి పోవచ్చును.

మందులన్నియు చెడ్డవని దీని భావము కాదు. ముదిరిన మొటిమలకు వైద్యులు వ్రాయు టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది ఆరియోమైసిన్. అది అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున, భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో, బెంజమిన్ డగ్గర్ చేతిమీదుగా వెలువడినది. 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన ఏటనే, అది లోకమునకు ప్రకటింపబడెను. ఆ మందు పేరైనను తెలియని తెలుగుపిల్లలు దాని సంతతిని మ్రింగుచు అమీర్‌పేటలో పరీక్షలకు చదువుచున్నారు.

చేయదగినది కొంత హాస్టలు గదిలోనే కలదు. దీపము ఆర్పు వేళను గదివారందరు కలిసి నిర్ణయించుకొనుట, ఫోనును తలగడ క్రిందనుండి తీసివేయుట, రోజుకు అరగంట నడచుట, పూటకొక బజ్జీతో సరిపెట్టక పప్పు, ఆకుకూర తినుట, ముఖమును రోజుకు రెండుసార్లకు మించి సబ్బుతో రుద్దకుండుట. సమీపముననే బల్కంపేటలో ప్రకృతి చికిత్సాలయము కలదు. అచట నేర్పు యోగాసనములు, ప్రాణాయామము మనస్సును నిమ్మళింపజేయునవే. కాని మట్టిపట్టీ వేసికొని వచ్చి మరల రెండు గంటలదాక మేలుకొన్నచో మట్టి ఏమి చేయగలదు? కొంత పల్లెలోని ఇంటిలో కలదు. ప్రతిరాత్రి ఫోనులో తండ్రి మొదట అడుగు మాట, "ఫలితములు వచ్చినవా?" అనునది. అడుగుటలో ప్రేమయే యున్నది. వినువానికి మాత్రము అది వడ్డీ లెక్కవలె వినబడును. ఆ మాటకు ముందు "ఈ రాత్రి ఎన్ని గంటలకు పండుకొందువు?" అని అడిగినను ఫోను ఖర్చు అంతే. రాత్రులు నిద్రలేక, చావు మాట నోట పలుకుచు, అన్నము మానిన పిల్లకు లేపనము కాదు, మనోవైద్యుడు కావలెను. అమీర్‌పేటకు దగ్గరనే ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. ఆ పేరు చెప్పి ఎగతాళి చేయు అలవాటు మన ఊళ్లలో చాల పాతది, మిక్కిలి చెడ్డది.

2021లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 14 మంది వెండ్రుకలను పొడవునను సూక్ష్మముగా పరిశీలించి, ఏ వారమున ఏ రంగున్నదో గుర్తించి, వారి వారి కష్టసుఖముల దినచర్యతో సరిపోల్చినారు. పాతికేండ్లుగా తెల్లబడినవి నల్లబడునని వారు చెప్పలేదు. కాని అప్పుడప్పుడే నెరయ నారంభించిన కొన్ని వెండ్రుకలు, కుదురు కడనుండి మరల నల్లగా పెరిగినట్లు కనబడెను. వారిలో ఒకరు పని నుండి సెలవు తీసికొని విశ్రాంతికి పోయినారు. ఆ సెలవు దినములలోనే ఆ తలపై ఐదు తెల్లవెండ్రుకలు, అన్నియు ఒకేసారి, నలుపునకు తిరిగినవి.